అండమాన్‌లో తొలి రోజు: పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు

అండమాన్‌లో దిగిన రోజే చాలా కుటుంబాలు నీరసపడిపోతాయి. కారణం ద్వీపం కాదు, ప్లాను. అక్కడ రోజును నడిపేవి పొద్దు, ఫెర్రీ వేళలు, ఆటుపోట్లు. ఈ మూడూ చూసుకోకుండా గది బుక్ చేస్తే ఎంత మంచి రిసార్టయినా నిరాశే.

అక్కడా గడియారం మనదే, పొద్దు మాత్రం ముందే వాలుతుంది. నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం 5కే సూర్యాస్తమయం. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగి, గదికి చేరి, భోంచేసి, పిల్లల్ని కాసేపు పడుకోబెడితే ఇక సముద్రానికి మిగిలేది అరగంట. ఒకటికి రెండు విమానాలున్నప్పుడు ఉదయం త్వరగా చేరేదే తీసుకోండి.

దిగిన రోజే హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) ఫెర్రీ పెట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఫెర్రీ ఆగదు, టికెట్ డబ్బు పోతుంది. మధ్యాహ్నం దాటాక బయలుదేరేవి ఎలాగూ తక్కువే. తొలి రాత్రి విమానం దిగే ఊరు పోర్ట్ బ్లెయిర్‌లోనే (ఇప్పటి అధికారిక పేరు శ్రీ విజయపురం) ఉండటం మేలు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి కూడా అక్కడే ఉండటం అంతకన్నా ముఖ్యం: సముద్రం బాగోలేక ఫెర్రీ రద్దయితే, ఆ ఒక్క రోజే విమానాన్ని కాపాడుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో బస అబర్డీన్ బజార్ వైపా, కార్బిన్స్ కోవ్ వైపా? మొదటిదాంట్లో సముద్రం వాకిట్లో ఉండదు గానీ హోటళ్లు, మందుల షాపులు, సెల్యులార్ జైలు అన్నీ దగ్గర. కార్బిన్స్ కోవ్‌లో బీచ్ ఉంటుంది, ప్రతి పనికీ ఆటో ఎక్కాలి. ఒక్క రాత్రికైతే బజారు వైపే నా ఓటు. ఊరంతా ఎత్తుపల్లాలే కనుక మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం లిఫ్ట్ ఉందో లేదో ముందే అడగండి. ఊళ్లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు; హిందీ రాని పెద్దవాళ్లకు ఇదో ధైర్యం.

ఫెర్రీల్లో ప్రైవేటువి ఏసీ బోట్లు, హేవ్‌లాక్‌కు గంటన్నర నుంచి రెండు గంటలు. సర్కారు ఓడ చౌక, నెమ్మది, డెక్ మీద గాలికి నిలబడొచ్చు, కానీ టికెట్ దొరకడం కష్టం. వాంతులయ్యేవాళ్లను ముందు వరుసల్లో కూర్చోబెట్టకండి. అల మీద ఎగిరిపడేది బోటు ముందు భాగమే. మధ్యలో, కింది అంతస్తులో కుదుపు తక్కువ. మాత్ర వేసుకుంటే ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, పిల్లల మోతాదు డాక్టరునే అడగాలి. గుర్తింపు కార్డులు చేతిసంచిలో ఉంచుకోండి, పిల్లలవి కూడా.

హేవ్‌లాక్‌లో గొడవంతా బీచ్ దగ్గరే వస్తుంది. విజయనగర్, గోవింద్‌నగర్ వైపు తూర్పు తీరంలోనే ఎక్కువ రిసార్టులు. ఫొటోల్లో కనిపించే నీలి నీళ్లు పోటు వేళవి. ఆటు వేళకు నీరు చాలా దూరం వెనక్కి పోయి, రాళ్లూ చచ్చిన పగడాలూ బయటపడతాయి. అప్పుడు చేరిన పిల్లల ముఖాలు వాడిపోవడం సహజం. వెళ్లే తేదీల ఆటుపోట్ల పట్టిక ముందే చూసుకుని, ఈత పోటు వేళకు పెట్టుకోండి. కాళ్లకు రబ్బరు చెప్పులు తప్పనిసరి. మెత్తని ఇసుక, మంచి సూర్యాస్తమయం కావాలంటే పడమటి తీరంలోని రాధానగర్. జెట్టీ నుంచి సుమారు 12 కిలోమీటర్లు. తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి, చీకటి పడ్డాక దొరకడం కష్టం.

ఇసుక దోమలను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కుట్టినప్పుడు తెలియదు, గంటల తర్వాత దద్దుర్లు లేస్తాయి. తడి ఇసుక మీద ఒట్టి ఒంటితో కూర్చోకుండా, కాళ్లకు కొబ్బరినూనె మందంగా రాస్తే చాలావరకు తప్పుతాయి. మొసళ్ల హెచ్చరిక బోర్డున్న చోట మాత్రం మోకాలి లోతుకైనా దిగొద్దు.

నీల్ (షహీద్ ద్వీప్) కూడా చూస్తే, నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకుని వెళ్లండి. అక్కడ ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతే యూపీఐ పనిచేయదు.