ఎక్స్‌ఎఫ్‌సీఈ, థునార్: తిరుపతి డీటీపీ దుకాణంలో కొన్నేళ్ల వాడుక తరువాత

లినక్స్ డెస్క్‌టాప్‌లు చాలావాటిలో ఫైల్ మేనేజర్‌ను, అంటే ఫోల్డర్లు, ఫైళ్లు చూపే ప్రోగ్రాంను, మన పనికి తగినట్లు మలచుకోవచ్చు. అయితే డీటీపీ (కంప్యూటర్‌పై ముద్రణకు పుటలు కూర్చే) పనికి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లోని ఫైల్ మేనేజర్ థునార్ ఒదిగినంత సులభంగా మరొకటి ఒదగలేదని కొన్నేళ్ల వాడుక తరువాత నమ్మకంగా చెప్పగలను. తిరుపతిలోని మా దుకాణంలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు, వేసవిలో గంగమ్మ జాతర ఫ్లెక్సీలు తయారవుతాయి. డిజైన్ కన్నా ఫైళ్లను వెతకడానికి, పేర్లు మార్చడానికి, ప్రూఫ్ (ఖాతాదారు సరిచూసే నమూనా) సైజు తగ్గించి వాట్సాప్‌లో పంపడానికే ఎక్కువ సమయం పడుతుంది కనుక, నేను డెస్క్‌టాప్‌ను అందం చూసి కాక ఫైల్ మేనేజర్‌ను చూసి ఎంచుకున్నాను.

థునార్ అసలు బలం ఎడిట్ మెనూలోని కస్టమ్ యాక్షన్స్. ఒక పేరు, ఒక కమాండ్ రాసి, అది ఏ రకం ఫైళ్ల మీద కనిపించాలో టిక్ పెడితే, ఆ ఫైళ్ల మీద కుడి క్లిక్ చేసినప్పుడు మనం పెట్టిన పేరు మెనూలో వస్తుంది. శాతం గుర్తు పక్కన చిన్న ఎఫ్ రాస్తే ఒక ఫైల్‌కు, పెద్ద ఎఫ్ రాస్తే ఎంచుకున్న ఫైళ్లన్నిటికీ ఆ కమాండ్ వర్తిస్తుంది. పెద్ద జేపీజీని వాట్సాప్‌కు సరిపడా తగ్గించే 'ప్రూఫ్' ఆదేశాన్ని చిత్రాలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ పనిముట్లతోనూ, విడి పుటలను ఒకే పీడీఎఫ్‌గా కలిపే ఆదేశాన్ని పాప్లర్ పనిముట్లలోని పీడీఎఫ్ యునైట్‌తోనూ ఇలాగే పెట్టుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: ఇమేజ్‌మ్యాజిక్‌లోని మోగ్రిఫై అనే కమాండ్ మామూలుగా అసలు ఫైల్ మీదనే రాస్తుంది, కాబట్టి వేరే పేరుతో కొత్త ప్రతిని ఇచ్చే కన్వర్ట్‌ను వాడడమే క్షేమం. పెళ్లి ఫొటోలు గుంపుగా వచ్చినప్పుడు అన్నిటినీ ఎంచుకుని ఎఫ్2 నొక్కితే, వరుస సంఖ్యలతోనో ఫొటో తీసిన తేదీతోనో పేర్లన్నీ ఒకేసారి మారుతాయి.

2022 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 విడుదల థునార్‌కు పెద్ద మలుపు. ఎఫ్3 నొక్కితే ఒకే కిటికీలో రెండు ఫోల్డర్లు పక్కపక్కన తెరుచుకోవడం, లోపలి ఫోల్డర్లలోనూ పేరుతో వెతకడం, చేసిన పనిని వెనక్కి తీసుకోవడం అప్పుడే వచ్చాయి. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌లోని ఫైల్ మేనేజర్ నాటిలస్ 2012లో 3.6తో ఆ రెండు భాగాల చూపును తీసివేయడం నాకు ఇప్పటికీ సమంజసంగా తోచదు. లినక్స్ మింట్ వారు నాటిలస్ పాత రూపం నుంచి నీమో అనే సొంత ఫైల్ మేనేజర్‌ను మొదలుపెట్టడానికి ఇలాంటి తొలగింపులే కారణం. గ్నోమ్‌ను మలచుకోవాలంటే విడిగా జోడించే ఎక్స్‌టెన్షన్లే దిక్కు. 2023లో వచ్చిన గ్నోమ్ 45కు వాటన్నిటినీ తిరిగి సరిచేయవలసి వచ్చింది. రోజువారీ సంపాదన ఆధారపడిన యంత్రంలో అంతటి అనిశ్చితి నాకు పనికిరాదు. కేడీఈ డెస్క్‌టాప్‌లోని ఫైల్ మేనేజర్ డాల్ఫిన్ మాత్రం గట్టి పోటీదారు. అందులో ఎఫ్4 నొక్కగానే అదే ఫోల్డర్‌లో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే చోటు) తెరుచుకుంటుంది. కానీ కుడి క్లిక్ మెనూలో సొంత ఆదేశం చేర్చాలంటే విడిగా ఒక ఫైల్ రాసి దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వాలి; మా కుర్రవాళ్లకు థునార్‌లోని పెట్టెలు నింపడమే సులువు.

తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టేవారు ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. లినక్స్ డిస్కులకు మామూలుగా వాడే ఎక్స్‌టీ4 అమరికలో పేరుకు 255 బైట్లే చోటు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు కనుక, గుణింతాలు, పొల్లులు కలుపుకుని గరిష్ఠంగా 85 కోడ్‌లే పడతాయి. 'శ్రీ' ఒక్కటే 12 బైట్లు. విండోస్ డిస్కుల అమరిక ఎన్‌టీఎఫ్‌ఎస్ తెలుగు పేర్లకు దీనికి మూడింతల పొడవును అనుమతిస్తుంది. అందువల్ల వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ కలిపిన పేరుతో వచ్చిన ఫైల్ ఇక్కడ కాపీ కాకపోవచ్చు; ముందే పేరు కుదించాలి.

థునార్ వెతుకులాట పేర్ల వరకే పరిమితం, ఫైల్ లోపలి మాటల కోసం క్యాట్‌ఫిష్ అనే వెతుకులాట ప్రోగ్రాం వాడాలి. డీటీపీలో వాడిన పాత 'అను' తెలుగు ఫాంట్ల ఫైళ్ల కోసం ఒక విండోస్ యంత్రాన్ని ఇంకా ఉంచుకోక తప్పలేదు. కస్టమ్ యాక్షన్లన్నీ హోమ్‌లోని దాగిన కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, థునార్ పేరున్న చోట, యూసీఏ అనే ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. కొత్త యంత్రం కొన్నప్పుడు ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అదే చోట పెట్టి, ఇమేజ్‌మ్యాజిక్, పాప్లర్ పనిముట్లను ఇన్‌స్టాల్ చేస్తే చాలు. పాత మెనూ అంతా వచ్చేస్తుంది.