గోడలోని నెట్‌వర్క్ కేబుల్ చివర ఏది మేలు: పంచ్ జాకా, టూల్‌లెస్ జాకా, నేరుగా కనెక్టరా?

కొత్త ఇల్లు కట్టుకుంటున్న బంధుమిత్రులు కొంతకాలంగా నన్ను అడుగుతున్న ప్రశ్న దాదాపు ఒక్కటే. గదిగదికీ కన్సీల్డ్ పైపుల్లో క్యాట్6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించాం, గోడ బయటికి వచ్చిన కొసకు ఏం బిగించాలి అని. పంచింగ్ టూల్‌తో తీగలను దిగగొట్టే జాక్ (గోడ పలకలో ఉండే సాకెట్) ఒకటి, మూత నొక్కితే బిగుసుకునే టూల్‌లెస్ జాక్ మరొకటి, జాకే లేకుండా కొసకు ఆర్‌జె45 కనెక్టరు (ల్యాప్‌టాప్‌లో గుచ్చే ప్లాస్టిక్ ప్లగ్గు) క్రింప్ చేసి, అంటే టూల్‌తో నొక్కి బిగించి, వదిలేయడం మూడవది. మా ఇంట్లో ఆరు పాయింట్లను నేనే బిగించుకున్నాను కనుక, అందరికీ విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది మూడవ పద్ధతే. క్రింపింగ్ టూల్ ప్రతి సీసీ కెమెరా పనివాడి సంచిలోనూ ఉంటుంది, కనెక్టరు కొద్ది రూపాయలకే దొరుకుతుంది. అయితే ప్యాచ్ కార్డులోని (జాక్‌నూ పరికరాన్నీ కలిపే విడి కేబుల్‌లోని) తీగ సన్నని పోగుల కట్ట కాగా, గోడలో వేసే కేబుల్‌లోని తీగ ఒకే గట్టి రాగి పోగు. రోజూ వంచడానికి తయారు చేసినది కాదు. దాని కొసను ల్యాప్‌టాప్‌కు పెడుతూ తీస్తూ ఉంటే కనెక్టరు మొదట్లోనే తీగ తెగుతుంది. కనెక్టరు మీది చిన్న నాలుక విరిగిన ప్రతిసారీ కొస కోసి కొత్తది వేయాలి. నాలుగైదు సార్లు అలా కోసేసరికి కేబుల్ చేతికి అందకుండా పోతుంది. జాక్ ఉన్నప్పుడు విరిగినా అరిగినా ముందుగా పాడయ్యేది బయటి ప్యాచ్ కార్డు, దాన్ని మార్చుకోవడం తేలిక. పైకప్పుకు బిగించే వైఫై పరికరానికి, కెమెరాకు మాత్రం నేరుగా కనెక్టరు వేయడం తప్పు కాదు, ఒకసారి పెట్టాక దాన్ని ఎవరూ కదపరు. అమెరికా ప్రమాణమైన టీఐఏ 568 కూడా 2018 నాటి కూర్పులో ఆ పద్ధతికి చోటిచ్చింది.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చవలసినది మాత్రం ఇవేవీ కావు, తీగజంటల మెలిక కొస దాకా నిలిచిందా లేదా అన్నది. కేబుల్‌లోని ఎనిమిది తీగలు నాలుగు జంటలు; ఒక్కో జంటలోని రెండు తీగలు పెనవేసుకుని ఉండటం వల్లనే పక్క జంటలోని సంకేతం ఇందులోకి చొరబడకుండా ఉంటుంది. ఆ మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదన్నది నియమం. కనెక్టరు వేయాలంటే ఎనిమిది తీగలనూ విప్పి, సాగదీసి, ఒకే వరుసలో పేర్చాలి. అలవాటు లేని చేతిలో విప్పిన భాగం అంగుళం దాటుతుంది. జాక్‌లోనైతే మెలికను తీగ దిగే గాడి అంచు దాకా తెచ్చి అక్కడ మాత్రమే విప్పవచ్చు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మా హాల్లోని కేబుల్‌కు మొదట ఒక పనివాడు కనెక్టర్లు వేశాడు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ జంటలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి, రెండు కొసలనూ ఒకేలా క్రింప్ చేశాడు. టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయి, లింకు మాత్రం గిగాబిట్ వేగం మీద నిలవలేదు. మూడు, ఆరు స్థానాల్లోని తీగలు ఒకే జంటవి కావాలి. అతని వరుసలో మూడవది ఆకుపచ్చ జంటది, ఆరవది నీలం జంటది. దీపాల టెస్టర్ తీగ తెగిందో లేదో చెబుతుంది గాని, ఏ తీగ దేనితో పెనవేసుకుందో చెప్పలేదు. జాక్ పక్కన రంగుల పట్టీ ఉంటుంది. ఏ రంగు తీగను ఆ రంగు గాడిలో పెడితే, సరైన పిన్నులకు చేర్చే పని జాక్ లోపలే జరిగిపోతుంది.

ఇక జాకులు రెండింటిలో, ఒకటి రెండు పాయింట్ల కోసమైతే టూల్ కొనడం దండగ, టూల్‌లెస్ చాలు. కానీ దాని ధర ఎక్కువ, మూతతో కలిపి పొడవూ ఎక్కువ. లోతు తక్కువగా ఉన్న బాక్సులో దాని వెనుక కేబుల్ మడత పడుతుంది. ఆ వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి నాలుగు రెట్లకు తగ్గకూడదు. అంతకన్నా నాకు నచ్చనిది, ఎనిమిది తీగలనూ మూత ఒకేసారి నొక్కడం. ఒక తీగ సగమే దిగినా మూత పడినట్టే కనిపిస్తుంది. పంచ్ జాక్‌లో ఒక్కో తీగనూ విడిగా కొడతాం, టూల్ టక్కుమన్న ప్రతిసారీ తీగ దిగి, మిగులు కొస తెగి పడటం కంటికి కనిపిస్తుంది. టూల్ కోసే అంచు జాక్ బయటి వైపుకు ఉండాలి, లోపలికి తిప్పితే పనికివచ్చే తీగే తెగుతుంది. నేను మొదటి జాక్ మీద చేసిన నిర్వాకం అదే. కొస కోసి మళ్ళీ కొట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. అందుకోసమే బాక్సులో జానెడు కేబుల్ మిగల్చడం మంచిది.

జాక్ రంగుల పట్టీ మీద కనిపించే టీ568ఏ, టీ568బీ అనే రెండు రంగుల వరుసల పనితీరులో తేడా లేదు, రెండు కొసలా ఒకటే ఉంటే చాలు. కనెక్టరు వేసి దాన్ని కప్లర్ (రెండు కనెక్టర్లను కలిపే ముక్క) వెనుక గుచ్చడం అనవసరపు అతుకు. క్యాట్6 మీద 10 గిగాబిట్ వేగం కూడా 55 మీటర్ల వరకు నడుస్తుంది గనుక, ఇంటికి మందపాటి క్యాట్6ఏ అక్కర్లేదు. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ అయితే మాత్రం ఏ జాకూ దాన్ని బాగు చేయలేదు. తీగను చాకుతో గీకినప్పుడు లోపల తెల్లగా కనిపిస్తే, పైపుల్లోకి లాగకముందే దుకాణానికి తిప్పి పంపండి.

మా ఆరు పాయింట్లలో ఐదు పంచ్ జాకులే. టీవీ అల్మరా వెనుక ఉన్న ఆరవ దాని దగ్గర టూల్ పట్టుకుని కొట్టడానికి చేయి దూరే సందు లేదు, బాక్సు మాత్రం లోతైనది. అక్కడ టూల్‌లెస్ పెట్టి, మూత వేసేముందు ఒక్కో తీగనూ టార్చి వెలుగులో చూసుకున్నాను.