పీడనం పాఠానికి ఇటుకా, గుండుసూదా, నీటి సీసానా: ఏది మేలు?

బలానికీ పీడనానికీ (అంటే ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలానికీ) ఉన్న తేడా పిల్లల మనసుకు ఎక్కాలంటే ముందుగా ఏ ప్రయోగం చేయించాలని బోధించేవారు తరచూ అడుగుతుంటారు. నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఒక్కటే: వైశాల్యం మారుతున్నంతసేపూ బలం మారలేదని విద్యార్థి తానే చెప్పగలుగుతున్నాడా?

ఈ కొలతతో చూస్తే ఇటుకను ఇసుక మీద ఆనించి గుంట లోతు చూసే ప్రయోగమే నాకు మేలనిపిస్తుంది. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం ఉండి 2 కిలోల ద్రవ్యరాశి గల ఇటుకను తీసుకుంటే దాని భారం సుమారు 20 న్యూటన్లు. పడుకోబెట్టినా, పక్కకు తిప్పినా, నిలబెట్టినా ఇటుక అదే కనుక బలమూ అదే. ఆనుకున్న వైశాల్యం మాత్రం 200, 100, 50 చదరపు సెంటీమీటర్లుగా తగ్గుతుంది, పీడనం 1000, 2000, 4000 పాస్కళ్లుగా పెరుగుతుంది. ఇసుకను కాస్త తడిపి చదును చేస్తే గుంట అంచులు విరగకుండా నిలుస్తాయి, లోతును స్కేలుతో కొలవవచ్చు. ఇటుకను పడేయకుండా నెమ్మదిగా ఆనించాలి, లేకపోతే తాకిడి బలం కూడా తోడై లెక్క చెడుతుంది. పీడనం నాలుగు రెట్లయినంత మాత్రాన గుంట లోతు కచ్చితంగా నాలుగు రెట్లు కాదన్న సంగతి ముందే చెప్పడం మంచిది.

గుండుసూదికీ ఒక గొప్ప గుణం ఉంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి మెల్లగా నొక్కితే రెండు చివరలా బలం సమానమే, అయినా నొప్పి మొన వైపే తెలుస్తుంది. కానీ ఆ సమానత్వాన్ని పిల్లవాడు మన మాట మీద నమ్మవలసిందే తప్ప కళ్లారా చూడలేడు, మొన వైశాల్యాన్ని కొలవనూ లేడు. ఒకే వేలితో మొననూ తలనూ వేర్వేరుగా నొక్కిస్తే ఇంకా చిక్కు, ఎందుకంటే గుచ్చుకుంటుందన్న జంకుతో తెలియకుండానే బలం తగ్గించేస్తాడు.

వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు పెట్టి నీళ్లు నింపిన సీసా చూపేది లోతుతో పెరిగే ద్రవ పీడనాన్ని కనుక అది తర్వాతి పాఠానికి పనికివస్తుంది. అయితే బల్ల మీదే పెట్టిన సీసాలో అన్నిటికన్నా దూరం చిమ్మేది నీటిమట్టానికి సగం ఎత్తులో ఉన్న రంధ్రమే గాని, చాలా బొమ్మల్లో గీసినట్టు అడుగు రంధ్రం కాదు. కింది నుంచి వచ్చే నీటికి వేగం ఎక్కువే, కానీ అది బల్లను తాకడానికి పట్టే సమయం మరీ తక్కువ. సీసాను కనీసం నీటిమట్టమంత ఎత్తున్న పీట అంచున నిలబెట్టి, నీరు బల్ల మీద పడేలా చేస్తే అడుగు ధార ముందుకు వస్తుంది.