టైపు చక్కన, నంబరు వంకర

విజయనగరం కలెక్టరేటు చుట్టుపక్కల డీటీపీ, జిరాక్సు కొట్లకు కొదవ లేదు గానీ తుపాకీ ఫైలు తెలిసినవి తక్కువ. అలా తెలిసిన కొట్టు ఒకటి, వేట తుపాకీతో విదేశం వెళ్లేవాళ్లకి కాగితాలు తయారు చేసి ఇస్తోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన దగ్గర వేట కుదరదు కదా, అందుకే వీళ్లు ముఖ్యంగా చూసేది దక్షిణాఫ్రికా ఫైలు.

తుపాకీని తాత్కాలికంగా ఆ దేశంలోకి తీసుకెళ్లడానికి అక్కడి పోలీసులకిచ్చే దరఖాస్తు 520 ఫారం. అది నింపడంలో వీళ్లకి వంక పెట్టలేం. నల్ల ఇంకుతోనే నింపుతారు, సంతకం గడి ఖాళీగా వదిలేస్తారు. అక్కడ దిగాక పోలీసు అధికారి కళ్లెదుటే పెట్టాల్సిన సంతకం అది. వేట నిర్వాహకుల ఆహ్వాన లేఖ, రానుపోను టికెట్, పాస్‌పోర్టు, లైసెన్సు నకళ్లు వరసగా కుడతారు. ఒకే కాలిబర్‌లో (గొట్టం, తూటా కొలతలో) రెండో తుపాకీ కుదరదని, తుపాకీకి 200 తూటాలే పరిమితి అని ముందే చెబుతారు. విమానం లెక్క మాత్రం చెప్పరు. విమానంలో మనిషికి పెట్టెతో కలిపి 5 కేజీల తూటాలే. థర్టీ నాట్ సిక్స్ (.30-06) రైఫిల్ తూటాలు 200 తూస్తే అంతకంటే ఎక్కువే తూగుతాయి.

అసలు తంటా సీరియల్ నంబరుతో. వీళ్లు తుపాకీ చూడరు, లైసెన్సు పుస్తకం జిరాక్సు చూసి కొడతారు. పాత జిరాక్సులో 8కీ బికీ, సున్నాకీ ఓకీ తేడా ఏం తెలుస్తుంది? ఆయుధాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి మితంగా తీసుకెళ్లే ఆయుధానికి వేరే ఎగుమతి లైసెన్సు అక్కర్లేదు. కానీ అనుమానం వస్తే కస్టమ్స్ కమిషనరు కేంద్రం ఉత్తర్వు వచ్చేదాకా దాన్ని ఆపి ఉంచొచ్చు. ఒక్క అక్షరం తేడా చాలు, ఆ అనుమానానికి.

తుపాకీ మీద నంబరు చెక్కిన చోట కాస్త టాల్కం పౌడరు రుద్ది, పైపైన తుడిచేయండి. గీతల్లో పౌడరు నిలిచి అంకెలు తెల్లగా తేలతాయి. టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీయండి. లైసెన్సు పుస్తకంలోనే తప్పుంటే ముందు అది దిద్దించుకోవాలి, మిగతా కాగితాలు ఆ తర్వాతే.

హైదరాబాద్ మీదుగా వెళ్లేవాళ్లకి ఇంకో రెండు మెలికలు. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వరకే చెల్లే లైసెన్సుతో అక్కడ తుపాకీ దింపకూడదు, ఏరియా వాలిడిటీ, అంటే లైసెన్సు చెల్లే ప్రాంతం, ముందే పెంచుకోవాలి. విశాఖలో పెట్టెకి నేరుగా విదేశం ట్యాగ్ వేయించుకోకండి. హైదరాబాద్‌లో పెట్టె చేతికి తీసుకుని, విమానం వాళ్లకి అప్పగించేలోపే కస్టమ్స్‌కి చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. బయటినుంచి సుంకం లేకుండా తెచ్చుకునే బ్యాగేజీ లెక్కలోకి తుపాకీ రాదు. ఇక్కడినుంచి తీసుకెళ్లిందేనని తిరిగొచ్చేటప్పుడు చూపించేది ఆ సర్టిఫికెట్టే. ఈ రెండు మాటలూ కొట్టువాళ్లు అడిగితే తప్ప చెప్పరు.

లామినేషన్ పిచ్చి ఒకటుంది వీళ్లకి. ప్లాస్టిక్ వేసిన నకలు మీద స్టాంపు అంటదు, సిరా జారిపోతుంది. వద్దని ఫైలు ఇచ్చేటప్పుడే చెప్పండి. ఆఖరి ప్రింటు తీసేముందు తుపాకీ ఫోటో స్క్రీన్ పక్కన పెట్టుకుని నంబరు ఒక్కో అక్షరం మీరే పైకి చదవండి, అతను కొడతాడు.