మాండలిన్‌కు మూడు వేల రూపాయల పిక్ కొనాలా?

తిరుపతిలో వాద్యాల దుకాణానికి వెళ్లి మాండలిన్ పిక్, అంటే తీగలు మీటే చిన్న పలక, అడిగితే, మామూలుగా సీసాలోంచి తీసి చేతిలో పెట్టేది గిటార్ పిక్కే. సెల్యులాయిడో నైలానో, 0.5 నుంచి 0.9 మిల్లీమీటర్ల మందం, ఇరవయ్యో ముప్పయ్యో రూపాయలు. దానితోనే ఏళ్ల తరబడి సాధన చేస్తూ, నాదం పలచగా వస్తోందని వాద్యాన్ని మార్చేవాళ్లున్నారు, తీగల సెట్ల మీద సెట్లు మార్చేవాళ్లున్నారు. ముందు మార్చాల్సింది పిక్.

ఎందుకో చూడండి. మాండలిన్‌లో మెడ పైచివర తీగలు ఆనే నట్టు నుంచి పొట్ట మీద అవి ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లే. ఇంత పొట్టి తీగ శ్రుతిలో నిలవాలంటే ఒక్కోదాని మీద పది కిలోల దాకా బిగువు ఉండాలి. పైగా ఎనిమిది తీగలూ జంటలు జంటలుగా, జి, డి, ఎ, ఇ అనే నాలుగు జంటలుగా ఉంటాయి. పలచటి పిక్ జంటలో మొదటి తీగకు తగలగానే వంగుతుంది, వంగి జారి రెండో తీగ మీద పడుతుంది. ఒకే నాదంగా రావాల్సింది రెండు ముక్కలై, మధ్యలో 'చిట్' అనే చప్పుడుతో వస్తుంది. ఒకే స్వరాన్ని వెంటవెంటనే కిందికీ పైకీ మీటే ట్రెమొలోలో ఇది ఇంకా బయటపడుతుంది. వంగిన పిక్ నిటారుగా కాకముందే చెయ్యి తిరుగుదెబ్బ వేస్తుంది కాబట్టి కింది మీటు గట్టిగా, పై మీటు నీరసంగా వినిపిస్తాయి. జంట తీగల మాండలిన్‌కు 1.2 మిల్లీమీటర్ల కంటే తక్కువ మందం వద్దు. 1.4 చాలామంది చేతికి సరిపోయే మందం. 2 దాటితే మంద్ర తీగలు గుండ్రంగా పలుకుతాయి గానీ, పై ఇ తీగ మొద్దుబారుతుంది.

ఇక ఖరీదైన పిక్కుల సంగతి. బాగా పేరున్నది, ధర కూడా ఎక్కువున్నది అమెరికాలోని టెనసీ రాష్ట్రంలో తయారయ్యే బ్లూచిప్. యంత్రాల బేరింగులకు, సీళ్లకు వాడే తరహా మిశ్రమ పదార్థాన్ని కోసి చేస్తారు, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పేరు పక్కన ఉండే అంకె మందాన్ని చెబుతుంది, అంగుళంలో వెయ్యో వంతు లెక్కన. సీటీ55 అంటే 0.055 అంగుళం, అంటే 1.4 మిల్లీమీటర్లు. టీఏడీ60 అయితే 1.5. సీటీ55ను మాండలిన్ కళాకారుడు క్రిస్ తీలీ పేరు మీద చేశారు. పెద్ద త్రికోణం, మూడు మూలలూ వాయించడానికి పనికొస్తాయి. 35 డాలర్లు దాటిన ధరకు రవాణా, కస్టమ్స్ కలిస్తే ఒక్క పిక్కు మూడు వేల రూపాయలు దాటిపోతుంది.

అంత డబ్బుకు దక్కేవి మూడు. మొదటిది, తీగ మీదినుంచి నూనె రాసినట్టు జారిపోతుంది. వేగంగా వాయించేటప్పుడు తీగ పిక్‌ను పట్టి లాగదు, మణికట్టు అలిసిపోదు. రెండోది, ఒంటి వేడికి పదార్థం కాస్త అంటుకుంటున్నట్టు అవుతుంది, వేళ్ల మధ్య తిరగదు. మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటిన మధ్యాహ్నం ఫ్యాన్ కింద సాధన చేసేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది, నున్నటి నైలాన్ పిక్ ఆ చెమటలో పది నిమిషాలకోసారి పక్కకు తిరిగిపోతుంది. మూడోది అరుగుదల. ఏళ్ల తరబడి వాయించినా మూల ఆకారం పెద్దగా మారదు. నాదం మాత్రం కొంచెం ముదురుగా, గుండ్రంగా ఉంటుంది. మీ వాద్యమే మెత్తగా పలికే రకమైతే దీనితో ఇంకాస్త మసకబారుతుంది. కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే బ్లూచిప్ మీద నిరాశ పడేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పడతారు.

హాలండ్‌లో చేతితో చేసే వెగెన్ పిక్కులు దీనికి ఎదురు స్వభావం. తెల్లగానో నల్లగానో ఉంటాయి. టీఎఫ్140 అనే 1.4 మిల్లీమీటర్ల త్రికోణాన్ని మాండలిన్‌కు బాగా వాడతారు. నాదం స్పష్టంగా, మొనతేలి వస్తుంది. పది మంది మధ్య మైకు లేకుండా వాయించాలంటే వెగెన్ మేలు. అదే ఇంట్లో రాత్రిపూట ఒంటరిగా సాధన చేసేటప్పుడు చెవికి కొంచెం కటువుగా తోస్తుంది. ధర బ్లూచిప్ కంటే చాలా తక్కువే గానీ మన దగ్గర దొరకడం కష్టం.

మా సిఫారసు డన్‌లప్ ప్రైమ్‌టోన్‌కు. అల్టెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, అంచులు ముందే చెక్కి నునుపు చేసి వస్తాయి. 1.4 మిల్లీమీటర్ల పెద్ద త్రికోణం తీసుకోండి. మూడింటి ప్యాక్ సుమారు వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంటుంది, ఒకటి పోగొట్టుకున్నా గుండె ఆగదు. నున్నటి రకం, పట్టు కోసం మధ్యలో గరుకు అచ్చు వేసిన రకం అని రెండున్నాయి. చెమట చేతులవాళ్లు గరుకుదే తీసుకోవాలి. నాదంలో బ్లూచిప్‌కు, దీనికి తేడా ఉంది. అయితే ఆ తేడా వాయించేవాడి వేళ్లకు తెలిసినంతగా ఎదుట కూర్చున్నవాడి చెవికి తెలియదు. ఇంకా తక్కువలో కావాలంటే డీఆండ్రియా ప్రోప్లెక్ 1.5 ఉంది, తాబేలు చిప్ప రంగులో ఉంటుంది. నాదం తియ్యగా ఉంటుంది, మూల త్వరగా అరుగుతుంది, అంతే.

తాబేలు చిప్ప అన్నాం కాబట్టి ఒక మాట. పాతకాలపు పిక్కులు నిజంగానే హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు చిప్పతో చేసేవాళ్లు. ఆ జాతి మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంతర్జాతీయ వాణిజ్యం మీద కూడా నిషేధం ఉంది. ఎవరైనా 'అసలు చిప్ప' అని అమ్మజూపితే, నకిలీ అయితే డబ్బు దండగ, అసలుదైతే నేరం. పాలలోని కేసిన్‌తో చేసిన పిక్కులు ఆ నాదానికి దగ్గరగా వస్తాయి గానీ అవి తేమను పీల్చుకుంటాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చిత్తూరు, తిరుపతి వైపు గాలిలో ఉండే చెమ్మకు ఉబ్బి వంకర పోవచ్చు. మన వాతావరణానికి అవి వద్దు.

ధరలో పెద్ద భాగం అంచుకే పోతుంది, కాబట్టి అంచు గురించి వివరంగా చెప్పాలి. మనం పిక్‌ను తీగకు సరిగ్గా సమాంతరంగా పట్టుకోం, ఇరవై ముప్పై డిగ్రీలు వాలుగా పట్టుకుంటాం. అందువల్ల తీగకు తగిలేది పిక్ ముఖం కాదు, అంచు. మామూలు పిక్ అంచు యంత్రం కోసినట్టే చదరంగా ఉంటుంది, లావు తీగకు చుట్టిన సన్నటి లోహపు చుట్టుడు మీద గీసుకుని 'స్‌స్' అని గీర శబ్దం చేస్తుంది. జి, డి తీగల మీద ఇది స్పష్టంగా వినపడుతుంది. మంచి పిక్ అంచును వాలుగా చెక్కి మెరుగు పెడతారు. దీన్నే బెవెల్ అంటారు. బ్లూచిప్‌లో కుడిచేతికి ఒక బెవెల్, ఎడమచేతికి ఒక బెవెల్ ఉంటాయి. ఎడమచేత్తో మీటేవాళ్లు ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ మాట రాయకపోతే మూడు వేల పిక్ ముప్పై రూపాయల పిక్ లాగే గీసుకుంటుంది.

అంచు బాగుందో లేదో తెలుసుకోవడానికి పిక్ మూలను బొటనవేలి గోరు మీద మెల్లగా లాగండి. గోరు మీద పట్టుకుంటున్నట్టు అనిపిస్తే, లేక తెల్లటి గీత పడితే అంచు గరుకుగా ఉంది. మెరుగు పెట్టినదైతే జారిపోతుంది. తర్వాత వాద్యం మీద పరీక్ష. ఇ జంట మీద వీలైనంత మెల్లగా అర నిమిషం ట్రెమొలో వాయించండి. నాదం కంటే పిక్ చప్పుడు ముందు వినపడితే ఆ పిక్ మీది కాదు. వెంటనే జి జంట మీద గట్టిగా వాయించండి. పిక్ వేళ్లలో తిరిగినా, తీగ బుర్రుమన్నా మందం చాలదు, లేదా మీరు మొనను ఎక్కువ బయట పెట్టారు. వేళ్ల బయట మూడు నాలుగు మిల్లీమీటర్ల మొన చాలు. మందం మీద అనుమానముంటే కాలేజీ ల్యాబులో ఉండే స్క్రూ గేజ్‌తో కొలవండి. ఆన్‌లైన్‌లో 1.4 అని అమ్మేవాటిలో 1.2 కూడా తగలవచ్చు.

కర్ణాటక బాణీలో వాయించేవాళ్ల సంగతి వేరు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల వాద్యంగా మలిచి వాయించారు. ఆ దారిలో ఉన్న వాద్యాలకు పైన చెప్పిన జంట తీగల బాధ లేదు. ఒక మీటుకు నాలుగైదు స్వరాలు ఎడమచేతి జారుతోనే పలుకుతాయి, నాదాన్ని ఆంప్లిఫయరు నిలబెడుతుంది. అందుకని 1.0 నుంచి 1.2 మిల్లీమీటర్లు చాలు. ఇక్కడ కావలసింది బలం కాదు, చప్పుడు లేకపోవడం. తీగ కదలికను ఆంప్లిఫయరుకు పంపే పికప్ తీగకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పిక్ తగిలిన 'టిక్' కూడా స్పీకరులోకి వెళుతుంది. మొనదేలిన త్రికోణం కంటే మూల గుండ్రంగా ఉన్నది ఎంచుకోండి. ఈ వాద్యానికి మూడు వేలు పెట్టి బ్లూచిప్ కొనడం అవసరమని మేం అనం. ఆ డబ్బుకు మంచి కేబులు, రెండు సెట్ల తీగలు వస్తాయి. ఒక్క మినహాయింపు ఉంది. తిరుమలలో నాదనీరాజనం లాంటి బయటి వేదిక మీద చలిగాలిలో వాయించాల్సి వస్తే వేళ్లు పొడిబారి నున్నటి పిక్ జారుతుంది. అప్పుడు గరుకు అచ్చున్న ప్రైమ్‌టోన్ దగ్గర పెట్టుకోవాలి.

సరోద్ వాయించేవాళ్లు కొబ్బరి చిప్పతో జవా, అంటే వాళ్ల పిక్, చేసుకుంటారు, మాండలిన్‌కు ఎందుకు పనికిరాదని కొందరు అడుగుతారు. పనికొస్తుంది. ముదురు కాయ చిప్పను 2 మిల్లీమీటర్లకు అరగదీస్తే తియ్యటి నాదం వస్తుంది. అంతకంటే పలచగా చేస్తే నారల వెంట చీలుతుంది. ఖర్చు లేదు, ఒక ఆదివారం పోతుంది.

ఎంత మంచి పిక్కయినా అరుగుతుంది. కిటికీ వెలుతురుకు పట్టుకుని చూస్తే మూల ఒక పక్క చదునుగా, గాజు ముక్క విరిగినట్టు మెరుస్తుంది. సెల్యులాయిడ్ అయితే నెలా రెండు నెలల్లోనే ఇట్లా అవుతుంది, తీగల కింద తెల్లటి పొడి కూడా రాలుతుంది. ప్రైమ్‌టోన్‌ను మళ్లీ బాగు చేసుకోవచ్చు. హార్డ్‌వేర్ అంగట్లో 600, 1000, 2000 నంబర్ల నీటి ఎమరీ కాగితం కొని, గాజు పలక మీద తడిపి పరచండి. పాత వాలు ఏ కోణంలో ఉందో అదే కోణంలో అంచును ఒకే దిక్కుకు ఇరవై సార్లు లాగి, తర్వాతి నంబరుకు మారండి. చివర జీన్స్ గుడ్డ మీద గట్టిగా రుద్దితే మెరుపు వస్తుంది. ముందుకూ వెనక్కూ రాస్తే అంచు మీద అడ్డగీతలు పడి గీర శబ్దం పెరుగుతుంది, ఎక్కువమంది పాడు చేసుకునేది ఇక్కడే. త్రికోణం కొన్నవాళ్లు మూడు మూలల్లో ఒకదాని మీద గోళ్ల రంగు చుక్క పెట్టుకుని, వారానికొక మూల మారుస్తూ వాడితే మూడూ సమంగా అరుగుతాయి.

సెల్యులాయిడ్ పిక్‌ను ఎమరీ మీద రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, ఎందుకంటే నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపే దాన్ని తయారు చేస్తారు. నిప్పు తగిలితే కర్పూరం లాగే భగ్గుమంటుంది. దేవుడి గూట్లో దీపం పక్కన వాద్యం పెట్టి పూజ చేసేటప్పుడు తీగల మధ్య గుచ్చిన పిక్‌ను తీసేయండి.

కొనడానికి చెన్నై దారే దగ్గర. బస్సులో మూడున్నర నాలుగు గంటలు, పెద్ద వాద్యాల అంగళ్లలో ప్రైమ్‌టోన్ చేతిలో పట్టుకుని చూడవచ్చు. చిత్తూరు వాళ్లకు బెంగళూరైనా ఒకటే. మీ మాండలిన్ వెంట తీసుకెళ్లండి, అంగడిలోని వాద్యం మీద బాగా పలికిన పిక్ మీ దాని మీద అట్లాగే పలుకుతుందన్న నమ్మకం లేదు. ముందు 1.4 ప్రైమ్‌టోన్ ఒక ప్యాక్ తీసుకుని మూడు నెలలు వాయించండి. ఆ మూడు నెలల్లో మందం సరిపోయిందని, ఇంకా నున్నగా జారితే బాగుండునని మీ చెయ్యే అడిగితే అప్పుడు సీటీ55 తెప్పించుకోండి. మందమే సరిపోలేదనిపిస్తే 1.3 లేదా 1.5 ప్రైమ్‌టోన్ మార్చి చూడండి, దానికి మూడు వేలు అక్కర్లేదు.