విట్‌సండే దీవుల్లో ఐదు రాత్రులు, మనమే నడుపుకునే అద్దె పడవ: డబ్బు ఎక్కడ గిట్టింది, ఎక్కడ గిట్టలేదు

కంపెనీ పేరు రాయడం లేదు. వాళ్లు మెచ్చుకోదగ్గ పని ఒకటి చేశారు, ఒళ్లు మండే పనులు రెండు మూడు చేశారు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ తీరంలో ఈ దీవులకి బయల్దేరే ఊరు ఎయిర్లీ బీచ్. అక్కడ ఇలాంటి కంపెనీలు ఇంకా ఉన్నాయి, పద్ధతి మాత్రం దాదాపు ఒకటే, కాబట్టి ఎవరి దగ్గర పడవ తీసుకున్నా ఇది పనికొస్తుంది.

మేం బ్రిస్బేన్‌లో ఉంటాం. వెళ్లింది నలుగురం: నేను, మా ఆవిడ, అక్క, బావ. ఆగస్టు చివరి వారం. 38 అడుగుల కాటమరాన్ (జంట పొట్టల తెరచాప పడవ), స్కిప్పర్, అంటే నడిపే కెప్టెన్ లేకుండా. దీన్ని బేర్‌బోట్ అంటారు. అక్కడ దీనికి లైసెన్స్ కూడా అక్కర్లేదు, పడవ మీద కొంత అనుభవం ఉందని కంపెనీకి నమ్మకం కుదిరితే చాలు. బావ రెండేళ్లుగా బ్రిస్బేన్ పక్కనున్న మోరెటన్ బేలో సెయిలింగ్ నేర్చుకుంటున్నాడు, పైగా ఉప్పాడ వైపు మనిషి. కాటమరాన్ అన్న మాటే కట్టుమరం నుంచి పోయిందనీ, చిన్నప్పుడు తను ఎక్కిన తెప్పకి ఇది మునిమనవరాలనీ దారంతా ఒకటే చెప్పడం.

ప్లానింగ్ నా పని. రెండు నెలలు కూర్చుని ఎక్సెల్ షీట్ చేశాను. మొదటి రాత్రి తెల్లని ఇసుకకి పేరున్న వైట్‌హేవెన్ బీచ్, రెండోది ఇంకో చోటు, ఇలా ఐదు రాత్రులకి ఐదు లంగరు చోట్లు, మధ్యలో ఎన్ని మైళ్లు, ఎన్ని గంటలు, భోజనంతో సహా. కంపెనీ వెబ్‌సైట్లో కూడా అచ్చం ఇలాంటి ఐదు రోజుల కార్యక్రమమే ఉంటుంది, నేను దాన్నే కాస్త మెరుగుపరిచాను.

పొద్దున ఎనిమిదింటికి బ్రీఫింగ్ మొదలైంది. చెప్పినాయనకి అరవై దాటి ఉంటాయి. నా షీటు మర్యాదగా చూశాడు, మడిచి పక్కన పెట్టాడు, గాలి చూశావా అని అడిగాడు. మొదటి రెండు రోజులు ఆగ్నేయం నుంచి 20-25 నాట్లు, అంటే గంటకి సుమారు 37-46 కిలోమీటర్ల గాలి. ఆ గాలికి వైట్‌హేవెన్‌లో రాత్రి ఉంటే అల సందులోంచి లోపలికి తిరిగి వచ్చి పడవని ఉయ్యాల ఊపినట్టు ఊపుతుంది, ఎవరికీ నిద్ర ఉండదు అన్నాడు. పెన్సిల్ తీసి చార్టు (సముద్రపు మ్యాపు) మీద గీయడం మొదలుపెట్టాడు. మొదటి రెండు రాత్రులు హుక్ దీవి దక్షిణాన నారా ఇన్లెట్, లోపలికి చొచ్చుకుపోయిన సన్నని పాయ, అడుగున బురద, చుట్టూ కొండలు. మూడో రోజు హుక్ దీవి పడమటి పక్కగా ఎక్కి ఉత్తరాన ఉన్న బటర్‌ఫ్లై బే. ఆగ్నేయ గాలికి ఆ వైపు కొండ చాటు. అదే గాలి ఉత్తరానికి తిరిగితే ఆ చోటే పనికిరాదు, అక్కడినుంచి లేచిపోవాల్సిందే. గాలి తగ్గాక నాలుగో రోజు వైట్‌హేవెన్. నా షీటు దాదాపు తలకిందులైంది.

మేం ఇచ్చిన డబ్బంతా పడవకే అనుకున్నాం గానీ నన్నడిగితే ఆ మూడు గంటల బ్రీఫింగే అసలు సరుకు.

ఆటుపోట్ల సంగతి కూడా అక్కడే బుర్రకెక్కింది. ఇక్కడ అమావాస్య పున్నాలకి తేడా 4 మీటర్ల దాకా వస్తుంది. మన కాకినాడ తీరంలో దాని సగం కూడా చూడం. పోటు నీళ్లు (పెరిగేటప్పుడు) దక్షిణానికి, పాటు నీళ్లు (తగ్గేటప్పుడు) ఉత్తరానికి పారతాయి. గాలేమో ఆగ్నేయం నుంచి. అంటే పోటు వేళ నీళ్లూ గాలీ ఎదురెదురు, అలలు నిటారుగా లేచి పడవని కొడతాయి. అదే పాటు వేళ బయల్దేరితే రెండూ ఒకే వైపు, ప్రయాణం హాయిగా ఉంటుంది. ఒకే దారి, ఆరు గంటల తేడాలో రెండు రకాల సముద్రం! వైట్‌హేవెన్ నుంచి దక్షిణంగా బయటికి వచ్చే సోల్వే పాసేజ్ అయితే నీళ్లు నిలకడగా ఉన్న కాస్త వ్యవధిలోనే దాటాలి. ఆయన ఆ రోజు టైము చార్టు మీద రాసిచ్చాడు, మేం పావుగంట ఆలస్యంగా వెళ్లాం, అప్పటికే నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. బావ మాట్లాడటం మానేసిన ఒకే ఒక్క సందర్భం అది.

లంగరు గురించి కొంచెం వివరంగా రాస్తాను, పగడాల మధ్య ఇదే అసలు పని. దీవుల ఒడ్డునే పగడపు దిబ్బలు అంచు కట్టినట్టు ఉంటాయి. చాలా చోట్ల తెల్లని పిరమిడ్ ఆకారపు బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) వరసగా పెట్టారు, ఆ గీత దాటి ఒడ్డు వైపు లంగరు వేయకూడదు. లంగరు ఒక్కటే కాదు, గొలుసు పగడం మీద ఈడ్చుకుపోయినా దిబ్బ ముక్కలవుతుంది. కాబట్టి ఇసుకలోనో బురదలోనో, కాస్త లోతులో వేయాలి. లోతు లెక్క మీరు చేరిన వేళది కాదు, పోటు నిండినప్పటిది. ఎనిమిది మీటర్లలో వేస్తే, నీళ్లు ఇంకో మూడు పెరుగుతాయనుకుంటే పదకొండు, దానికి నాలుగు రెట్లు గొలుసు, అంటే 44 మీటర్లు. మా పడవలో మొత్తం ఉన్నది 50. అంత గొలుసు మీద పడవ చుట్టూ తిరగడానికి చోటు కూడా చూసుకోవాలి.

ఈ బాధ వద్దనుకుంటే మెరైన్ పార్కు వాళ్లు ఉచితంగా పెట్టిన నీలం రంగు మూరింగ్ బోయాలున్నాయి, అడుగుకి బిగించి ఉంటాయి, లంగరు వేయకుండా పడవని వాటికే కట్టుకోవచ్చు. రంగు పట్టీని బట్టి ఎంత పడవ కట్టొచ్చో తెలుస్తుంది. పగలు రెండు గంటలే. మధ్యాహ్నం మూడు దాటాక దొరికితే మర్నాడు ఏడింటిదాకా మీదే. అందుకే రెండున్నరకి బటర్‌ఫ్లై బేలో పండగ ముందు రోజు బస్టాండులా ఉంటుంది, అందరూ తిరుగుతుంటారు, ఎవరు వదులుతారా అని. మాకు దొరికింది. రాత్రి కొండ మీంచి గాలి ఒక్కో దెబ్బ తోసినట్టు వచ్చి కొట్టేది, అయినా మూరింగ్ కాబట్టి టెన్షన్ లేదు.

కంపెనీ నిబంధన: సాయంత్రం నాలుగుకల్లా ఆగిపోవాలి, చీకట్లో నడపకూడదు, రోజుకి రెండుసార్లు రేడియోలో హాజరు చెప్పాలి. స్కూల్లో ఉన్నట్టుందని అక్క విసుక్కుంది గానీ నాకు నచ్చింది. సూర్యుడు పైన ఉంటేనే నీళ్లలో పగడం కనిపిస్తుంది. గోధుమ రంగుంటే దిబ్బ, లేత ఆకుపచ్చ అయితే ఇసుక. పోలరైజ్డ్ కళ్లద్దాలు మర్చిపోకండి. ఎదురు ఎండలో అంతా ఒకే వెండి రేకు, ఏమీ తెలియదు.

పగడాల మీద మరీ ఆశలు పెట్టుకోకండి. 2017లో డెబీ తుఫాను ఈ దీవుల అంచు దిబ్బలని బాగా దెబ్బతీసింది. మాంటా రే బేలో మళ్లీ పెరుగుతున్నవి కనిపించాయి, చేపలు బోలెడు, కానీ పోస్టర్లలో ఉన్నది ఇది కాదు. పోస్టర్లలో ఉన్నది బయటి దిబ్బ, అంటే దీవులకి దూరంగా సముద్రంలో ఉన్న గ్రేట్ బారియర్ రీఫ్. మా కంపెనీ చార్టులో ఆ వైపు వెళ్లడానికి అనుమతే లేదు. కావాలంటే ఎయిర్లీ నుంచి పెద్ద పడవలో ఒక రోజు టూరు విడిగా కొనుక్కోవాలి. బుకింగ్ చేసేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇక ఒళ్లు మండినవి. టంగ్ బేలో దిగి కొండెక్కి, వైట్‌హేవెన్ ఉత్తరపు కొసనున్న హిల్ ఇన్లెట్ చూడమని వాళ్ల కాగితంలో ఉంది. పాటు వేళ అక్కడ ఒడ్డు ముందంతా రాళ్లూ పగడమూ తేలతాయని మాత్రం లేదు. మేం సరిగ్గా అప్పుడే వెళ్లాం. అదే సమయానికి డింగీ (ఒడ్డుకి వెళ్లే చిన్న పడవ) ఇంజిను ఆగిపోయింది. తాడు లాగి లాగి నా భుజం వాచింది. రేడియోలో అడిగితే చోక్ చూడండి అన్నారు, చూశాం, మళ్లీ అడిగితే రేపు ఎవరైనా ఆ వైపు వస్తే పంపిస్తాం అన్నారు. ఎవరూ రాలేదు. మిగతా రెండు రోజులు తెడ్లే. పైకెక్కి చూస్తే ఆ తెల్లటి ఇసుకా, దాని మధ్య మెలికలు తిరిగే నీలం నీళ్లూ చూసి కోపం సగం పోయిన మాట నిజం.

రెండోది ఫ్రిజ్. బ్యాటరీ పాతది. పొద్దున గంట, సాయంత్రం గంట ఇంజిను వేస్తే చాలన్నారు, చాలలేదు. మూడో రోజుకి పెరుగు పులిసింది. వాళ్లిచ్చే సరుకుల ప్యాకేజీ తీసుకోవద్దు, అంతా బ్రెడ్డూ సాసేజీలే. మేం బియ్యం, చింతపండు పులుసు, ఆవకాయ తీసుకెళ్లాం కాబట్టి బతికాం. కుక్కరు కూడా ఇంటి నుంచే. నారా ఇన్లెట్ నిశ్శబ్దంలో మొదటి విజిల్ వచ్చేసరికి పక్క పడవలో దంపతులు బయటికొచ్చి ఆకాశంలోకి చూశారు.

ఆ నారాలోనే కొండ వాలు మీద ఈ దీవుల ఆదివాసులైన న్గారో జనుల గుహ బొమ్మలున్నాయి, చిన్న నడక, తప్పకుండా చూడండి. ఐదో రాత్రి సిడ్ హార్బర్, మంచి ఆశ్రయం, కానీ నీళ్లలోకి దిగొద్దు. 2018లో అక్కడ వరుసగా షార్క్ దాడులు జరిగాయి. నవంబరు నుంచి మే దాకా అయితే ఎక్కడ దిగినా జెల్లీ ఫిష్ కుట్టకుండా ఒంటినిండా సూట్ వేసుకోవాలి, అందుకే ఆగస్టు, సెప్టెంబరు నయం. తిమింగలాలు కూడా అప్పుడే. మాకు రెండు కనిపించాయి, దూరంగా.

డిపాజిట్ తిరిగొచ్చింది, ఒక ఫిన్ (ఈతకి కాళ్లకి తొడుక్కునేది) చిరిగిందని 40 డాలర్లు కోసుకుని. అది మేం ఎక్కేసరికే చిరిగి ఉంది. నేను ఫోటో తీయలేదు. మీరు బయల్దేరేముందు ఫిన్లు, డింగీ ఇంజిను, బ్యాటరీ మీటరు, అన్నీ వాళ్ల మనిషి ఎదురుగానే ఫోటోలు తీయండి, ఇంజిను అయితే రెండుసార్లు స్టార్ట్ చేయించండి.