గేటు తొమ్మిదికే మూయాలా? నిరాశ్రయుల వసతికి ఏది మేలు

రాత్రి పదకొండు దాటాక విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో కాసేపు నిలబడి చూడండి. ఆఖరి బస్సు కోసం కూర్చున్నది ఎవరో, వెళ్లడానికి చోటే లేనిది ఎవరో చెప్పులే చెప్పేస్తాయి. ప్రయాణికుడి చెప్పులు బెంచీ కింద ఉంటాయి. ఇల్లు లేనివాడి చెప్పులు సంచిలో, ఆ సంచి తల కింద ఉంటాయి.

వీళ్లకు పట్టణాల్లో వసతి చూపాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటుండాలని, ఆ వసతి ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని చెప్పింది. 2011 లెక్కల నాటికే విజయనగరం జనాభా రెండు లక్షలు దాటింది కాబట్టి రెండు వందలకు పైగా చోట్లు కావాలి. అవి ఎలాంటివి కావాలన్నదే అసలు తగువు.

మొదటిది షరతుల వసతి. ఆధార్ చూపాలి, తొమ్మిదిలోపు రావాలి, తాగి రాకూడదు, పెద్ద మూటలు తేకూడదు. గొడవలుండవు, ఒక్క కాపలాదారుతో నడిచిపోతుంది. కానీ హోటల్లో ప్లేట్లు కడిగేవాడికి పని తెమిలేదే పదకొండింటికి. కష్టపడి బతికేవాడినే బయట నిలబెట్టే నియమం అది.

ఆధార్ సంగతి మరీ విడ్డూరం. గుర్తింపు పొందిన వసతి గృహం నిర్వాహకులు ధ్రువపత్రం ఇస్తే దాన్ని చిరునామాకు ఆధారంగా చూపవచ్చు. వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అందాలన్నా ముందు ఆ కార్డే కావాలి. కార్డు ఇప్పించవలసిన చోటే కార్డు అడుగుతున్నారన్నమాట.

రెండోది తలుపు తెరిచి ఉంచే పద్ధతి. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో నావిగేషన్ సెంటర్ అనే నిరాశ్రయుల వసతి తెరిచినప్పుడు, అందులోకి మనిషి తన భాగస్వామితో, కుక్కతో, సామానుతో సహా రానిచ్చేవారు. వేళ నిబంధన ఉండేది కాదు. అమెరికా ముచ్చట మనకెందుకు అనుకుంటారేమో. ఒక రాత్రి రిక్షాలోనే ముడుచుకుని పడుకున్న ఒక తాతను చూశాను. చక్రానికి కట్టిన తాడు రెండో కొస ఆయన మణికట్టుకు చుట్టి ఉంది. “వసతికి వెళ్లకూడదా తాతా?” అని అడిగితే, “బండి బయట వదిలేసి లోపల నిద్ర పడుతుందా బాబూ?” అన్నాడు. అక్కడి కుక్క ఇక్కడ రిక్షా, అంతే తేడా.

తాగుడు దగ్గరే అందరూ జంకుతారు, నాకూ జంకే. అయితే తాగి వచ్చినవాడిని రానివ్వడం వేరు, లోపల తాగనివ్వడం వేరు. సీసా గేటు బయటే ఆగాలి, చేయి చేసుకుంటే మనిషీ బయటికే. దీనికి రాత్రిపూట కనీసం ఇద్దరు కావాలి, వాళ్లకు ఓర్పూ కావాలి. బోర్డు మీద “తాగినవారికి ప్రవేశం లేదు” అని రాయించడం ఎంతో చవక.

మగవాళ్లకు నా ఓటు రెండో పద్ధతికే. ఆడవాళ్లకు, పిల్లలకు మాత్రం వేరే భవనం, వేరే గేటు, వచ్చేపోయేవారిపై గట్టి నిఘా ఉండాలి. ఒకే హాలుకు అడ్డంగా తెర కట్టి సరిపెట్టడం నేను ఒప్పుకోను.

నేరుగా అద్దె ఇల్లే ఇచ్చేయడం మూడో దారి. ఫిన్లాండ్ 2008 నుంచి అలాగే చేస్తోంది. మంచిదే, కానీ ఈ రాత్రికి అక్కరకు రాదు.

ఏ పద్ధతైనా చోటు కుదరకపోతే దండగే. పక్కనున్న శ్రీకాకుళం సంగతే చూడండి, దాని రైల్వే స్టేషన్ శ్రీకాకుళం రోడ్ ఉన్నది పట్టణానికి దూరంగా ఆమదాలవలసలో. పట్టణంలో కూలి చేసుకునేవాడికి అక్కడ మంచం వేస్తే పొద్దున్నే పనికి ఎలా చేరుకుంటాడు?

డబ్బు కొంచెమే ఉంటే కొత్త మంచాలు తర్వాత కొనవచ్చు. ముందు రాత్రి కాపలాకు రెండో మనిషిని పెట్టి, ఆవరణలో రిక్షాలకు ఒక రేకుల షెడ్డు వేయించాలి. ప్లేట్లు కడిగేవాడు వచ్చేదాకా గేటుకు తాళం వేయకూడదు.